లారీకి రాసే టైరు కొలత కారుకెందుకు రాయరు?

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్ గారికి,

ఇది కోయిలకుంట్ల నుంచి రాస్తున్న లేఖ.

కొలిమిగుండ్ల, అవుకు వైపు గనుల్లో నాపరాళ్లు ఎత్తుకుని వచ్చే లారీకి రిజిస్ట్రేషన్ చేయించాలంటే ముందు ఇరుసుకు ఏ కొలత టైర్లు, వెనక ఇరుసుకు ఏ కొలత, ఎన్ని టైర్లు, ఎన్ని ప్లైలు అన్నీ రాసివ్వాలి. ఫారం 20లో రవాణా వాహనాలకు అదనంగా నింపాల్సిన వివరాల్లో అదొకటి. ఆ లారీ వెనకే దారి కోసం హారన్ కొడుతున్న చిన్న కారు దగ్గరికొచ్చేసరికి ఛాసిస్ నంబరు అడుగుతారు, ఇంజన్ నంబరు అడుగుతారు, రంగు, సీట్లు, సిలిండర్ల లెక్క అడుగుతారు. టైరు కొలత మాత్రం ఎవరూ అడగరు. రేపు ఆ కారు యజమాని 14 అంగుళాల ఇనుప డిస్కులు తీసేసి 17 అంగుళాల అల్లాయ్ వీల్స్ బిగించుకున్నాడనుకోండి. అది తప్పో ఒప్పో తేల్చే కాగితం అతని దగ్గరా ఉండదు, దారిలో ఆపిన అధికారి దగ్గరా ఉండదు. ఈ లేఖంతా ఆ లేని కాగితం గురించే.

పెద్ద చక్రాల మోజును వెక్కిరించడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆ మోజు నేర్పింది కంపెనీలే. స్విఫ్ట్‌నే తీసుకోండి. చాలా ఏళ్లుగా దాని కింది రకాలకు 165/80 ఆర్14 టైర్లు, ఇనుప డిస్కులు, వాటి మీద ప్లాస్టిక్ మూతలు వస్తున్నాయి. పై రకానికి 185/65 ఆర్15 టైర్లు, అల్లాయ్ వీల్స్. ఇంజన్ అదే, రేకు అదే, చక్రం దగ్గరే తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. సెకండ్ హ్యాండులో కింది రకం కొన్న కుర్రాడికి మొదట మనసు పోయేది అక్కడికే. నంద్యాలలోనో ప్రొద్దుటూరులోనో యాక్సెసరీస్ అంగడికి పోతే, గోడకు వరసగా తగిలించిన రిమ్ములు చూపించి "వీల్స్ మార్చు సాలన్నా, బండి లెవెలే మారిపోతాది" అంటారు. అబద్ధం కూడా కాదు, చూడ్డానికి నిజంగానే మారిపోతుంది.

పైగా చక్రం పెద్దదవుతూ రావడం కొత్త సంగతేమీ కాదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 పన్నెండు అంగుళాల చక్రాల మీద నడిచింది. తర్వాత వచ్చిన ఆల్టో 800, టాటా నానో కూడా పన్నెండే. వ్యాగన్ఆర్ పదమూడుకూ పద్నాలుగుకూ ఎక్కింది. ఆ లెక్కన చిన్న కారును అప్‌సైజ్ చేసే పని కంపెనీలే నలభై ఏళ్లుగా చేస్తున్నాయి. అసలు అల్యూమినియం చక్రం పుట్టింది అందానికి కాదు. 1924లో బుగాటీ టైప్ 35 పందెం కారు ఫ్రాన్సులోని లియాన్ గ్రాండ్ ప్రీలో పోత పోసిన అల్యూమినియం చక్రాలతో దిగింది. బరువు తగ్గాలి, బ్రేకులకు గాలి తగలాలి, అదీ లెక్క. ఆ రోజు బుగాటీలను ముంచింది ఆ చక్రాలు కావు, వాటి మీద ఎక్కించిన టైర్లు. నూరేళ్ల తర్వాత కోయిలకుంట్ల పంక్చర్ షాపుల్లో జరుగుతున్న పంచాయితీ కూడా దాదాపు అదే.

కమిషనర్ గారూ, మీకు తెలియని లెక్క కాదు గానీ, ఈ లేఖ చదివే కారు యజమానుల కోసం ఒకసారి వేసి చూద్దాం. 165/80 ఆర్14 అంటే టైరు వెడల్పు 165 మి.మీ., పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 132 మి.మీ. రిమ్ము 14 అంగుళాలు. పైనా కిందా రెండు పక్కగోడలు కలుపుకుంటే నేల నుంచి పై అంచు దాకా చక్రం సుమారు 620 మి.మీ. కంపెనీ పై రకానికిచ్చే 185/65 ఆర్15 కూడా సుమారు 621 దగ్గరే ఆగుతుంది. 195/55 ఆర్16 వేసినా 621. 205/45 ఆర్17 వేస్తే 616. రిమ్ము మూడు అంగుళాలు పెరిగినా చక్రం మొత్తం పెరగలేదు, అందుకే మీటరు మోసం చెయ్యదు, గేర్ల లెక్కా తప్పదు. అంగట్లో వాళ్లు ఇంతవరకు చెబుతారు, సరిగానే చెబుతారు.

చెప్పనిది పక్కగోడ సంగతి. 14కు 132 మి.మీ. ఉన్న రబ్బరు 15కు 120 అవుతుంది, 16కు 107, 17కు వచ్చేసరికి 92. చక్రం అంతే ఉండి రిమ్ము పెరిగిందంటే, ఆ పెరిగింది రబ్బరు నుంచి కోసుకున్నదే. గుంతలో పడ్డప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య అడ్డం నిలబడేది ఆ రబ్బరూ, దాంట్లోని గాలీ తప్ప మరేమీ కాదు. నాలుగు సెంటీమీటర్లు పోగొట్టుకుని రోడ్డెక్కుతున్నామన్న మాట బిల్లు మీద ఎక్కడా ఉండదు.

ఇంకోటి, బరువు మోసే శక్తి. టైరు పక్కన కొలత తర్వాత రెండంకెల సంఖ్య ఒకటి ఉంటుంది, దాన్నే లోడ్ ఇండెక్స్ అంటారు. స్విఫ్ట్ 14 అంగుళాల టైరుకు అది 85, అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది. 185/65 ఆర్15కు 88, అంటే 560 కిలోలు. 195/55 ఆర్16కు 87, అంటే 545. 205/45 ఆర్17 మామూలు రకానికి 84. అది 500 కిలోలే. చూపులకు బలిష్ఠంగా, వెడల్పుగా కనబడే టైరు కంపెనీ ఇచ్చిన సన్న టైరు కన్నా తక్కువ మోస్తుందన్న మాట. అదే కొలతలో ఎక్స్‌ఎల్ అని గట్టి రకం దొరుకుతుంది, దానికి 88. తేడా తెలిసి అడిగేవాళ్లు ఎంతమంది? నాలుగు టైర్లు కలిపితే 2,000 కిలోలు, కారు అంత బరువుండదు కదా అని అడ్డం తగలొచ్చు. కానీ ఆ 500 కిలోలు పూర్తి గాలి ఉన్నప్పటి లెక్క, గాలి తగ్గే కొద్దీ అదీ తగ్గుతుంది. పైగా బరువు నాలుగింటి మీదా సమానంగా పడదు. బ్రేకు తొక్కితే ముందుకు, మలుపు తిప్పితే ఒక పక్కకు ఒరుగుతుంది. 2016లో నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం మొదలైనా, ఆసుపత్రికి నంద్యాల, పెళ్లి బట్టలకు ప్రొద్దుటూరు పోవాలంటే ఈ పక్క ఊళ్లకు చిన్న కారే దిక్కు. ఐదుగురు ఎక్కి, డిక్కీలో శనగల మూటో బియ్యం మూటో వేసుకుని బయలుదేరే కారది. వానకాలం గుంతలో ముందు చక్రం దిగిన క్షణాన దాని మీద పడే దెబ్బకు కేటలాగులోని సగటు లెక్క పనికిరాదు.

కొలత తప్పిన కార్ల సంగతి ఇంకా ఘోరం. 1.0 లీటరు వ్యాగన్ఆర్‌కు కంపెనీ ఇచ్చేది 155/80 ఆర్13. దాని ఎత్తు 578 మి.మీ. సులువుగా దొరికే సైజు కదా అని దానికి 185/65 ఆర్15 ఎక్కిస్తే చక్రం ఏడున్నర శాతం పెద్దదవుతుంది. మీటరు 80 చూపిస్తున్నప్పుడు బండి 86లో పోతుంటుంది. స్పీడు గన్ను దగ్గర దొరికినప్పుడు "నేను ఎనభైలోనే వచ్చినా సార్" అనే డ్రైవరు అబద్ధమాడటం లేదు, అతని మీటరు ఆడుతోంది. కిలోమీటర్ల లెక్కా అంతే తగ్గుతుంది, సర్వీసు ఆలస్యమవుతుంది, ఆ తర్వాత కారు కొన్నవాడు నిజానికన్నా తక్కువ తిరిగిందనుకుని కొంటాడు. ఇక స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డు లోపలి లైనరుకు టైరు రాసుకునే చప్పుడు వేరే.

మూడు శాతం లోపు తేడా ఉంటే పర్వాలేదని బజార్లో ఒక సూత్రం తిరుగుతుంది. పనికొచ్చే సూత్రమే, కానీ శాసనం కాదు. మన పెనుకొండలోనే తయారయ్యే కియా సోనెట్‌ను చూడండి. కింది రకాలకు 195/65 ఆర్15, పై రకాలకు 215/60 ఆర్16. ఎత్తులో తేడా 30 మి.మీ., అంటే నాలుగున్నర శాతం పైనే. కంపెనీయే ఆ సూత్రం దాటింది. దాటొచ్చు కూడా, ఎందుకంటే రెండు కొలతలకూ అది బండిని పరీక్షకు నిలబెట్టి అనుమతి తెచ్చుకుంది. శాతం ఎంతన్నది కాదు, ఎవరు పరీక్షించారు, ఆ సంగతి ఎక్కడ రాసుంది అన్నదే ప్రశ్న. అంగట్లో బిగించిన చక్రానికి ఈ రెండూ ఉండవు.

రోడ్డు మాట కూడా చెప్పుకోవాలి. ఇక్కడిది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. కింద నేల అట్లా ఊపిరి తీసి వదులుతుంటే పైన తారు ఎంత బాగా వేసినా రెండు వానలకే అలలు తేలుతుంది, అంచులు విరుగుతాయి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద 17 అంగుళాల చక్రం హాయిగానే తిరుగుతుంది. అది దిగి ఊరిలోకి మళ్లినప్పుడే అసలు పరీక్ష. ఈ నాపరాయి సీమలో వాకిట్లో పరిచేది నాపరాయి, మురుగు కాలువ మీద మూత నాపరాయి, అరుగు అంచు నాపరాయి. పగిలిన బండ అంచు కత్తికి తీసిపోదు. ఇరుకు సందులో లారీకి దారిచ్చి పక్కకు ఒరిగిన కారుకు ముందుగా తగిలేది టైరు పక్కగోడే. అది 132 మి.మీ. ఉంటే వంగి జారిపోయే అవకాశం ఉంటుంది, 92 ఉంటే రిమ్ము అంచే పోయి బండకు కొట్టుకుంటుంది.

ఆ తర్వాత కథ పంక్చర్ షాపులో నడుస్తుంది. రెండు మూడు రోజులకోసారి ఒకే చక్రంలో గాలి తగ్గుతోందని కారు వస్తుంది. మేకు కనబడదు, వాల్వు బాగానే ఉంటుంది. షాపతను చక్రాన్ని పడుకోబెట్టి, లోపలి అంచు పొడుగునా సబ్బునీళ్లు పోసి, దీపం దగ్గరికి తెచ్చి చూస్తాడు. ఒకచోట ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేస్తుంటాయి. అక్కడ వేలితో తుడిస్తే వెంట్రుక మందాన చీలిక కనిపిస్తుంది. బయటినుంచి చూసే ముఖం పక్క రిమ్ము అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, దెబ్బ తగిలింది ఎవరూ చూడని లోపలి పక్కన. అదే ఇనుప డిస్కయితే అంచు వంగేది, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి దారికి తెచ్చేవాళ్లు, అందం లేకపోయినా బండి ఇల్లు చేరేది. అల్లాయ్ వంగడానికి ఇష్టపడదు, చీలుతుంది. దాన్ని ఆర్గాన్ వెల్డింగుతో అతికించి ఇచ్చేవాళ్లు ఉన్నారు. సిలికాన్ కలిపిన ఆ అల్యూమినియానికి బలం వచ్చింది ఫ్యాక్టరీలో కాచి చల్లార్చిన పద్ధతి వల్ల. వెల్డింగు వేడి తగిలినచోట ఆ బలం పోతుంది. అతికిన చక్రం గాలి నిలుపుతుంది, అంతవరకే దాని హామీ. ఆ కారు మరుసటి రోజు వందలో కర్నూలు పోతుంది.

టైరుకు వచ్చే జబ్బు ఇంకోటి, పక్కగోడ మీద గడ్డ. గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగితే గాలి అక్కడ తోసుకొచ్చి కోడిగుడ్డంత ఉబ్బు తేలుతుంది. దానికి మందు లేదు, మార్చాల్సిందే. ఉబ్బిన టైరుతోనే నెలలు తిప్పేవాళ్లున్నారు. మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు దాటే రోజుల్లో తారు ఇంకెంత కాలుతుందో చెప్పక్కర్లేదు. గాలి తక్కువైన టైరు నడిచే కొద్దీ తనంతట తానే వేడెక్కుతుంది. పొట్టి పక్కగోడ టైరుతో చిక్కేమిటంటే, గాలి తగ్గినా కంటికి తెలియదు. ఎత్తు టైరు అయితే కింద ఉబ్బి నేలకు పరుచుకుంటుంది, చూడగానే పోల్చుకోవచ్చు. పొట్టిదానికి గేజీ పెట్టి చూడాల్సిందే.

వ్యాసం మీద మాట్లాడుకున్నాం, ఇంక లోతు మీద. రిమ్ము కారుకు అతుక్కునే ముఖం చక్రం మధ్యగీతకు ఎంత దూరంలో ఉందన్న కొలతను ఆఫ్‌సెట్ అంటారు. కంపెనీ ఇచ్చినదాని కన్నా అది 15 మి.మీ. తక్కువ ఉన్న రిమ్ము బిగిస్తే చక్రం అంతే మేర బయటికి వస్తుంది. బండి వెడల్పుగా, కాళ్లు చాపి నిలబడ్డట్టు కనపడుతుంది, కుర్రాళ్లకు నచ్చేది అదే. హబ్బు బేరింగుకు మాత్రం అది పొడుగు చేతితో బరువు పట్టుకున్నట్టే. బేరింగు గోల మొదలయ్యేది కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత కాబట్టి నింద చక్రం మీదికి పోదు, "ఈ కంపెనీ బేరింగులే అంత" అనేస్తారు.

మధ్య రంధ్రం సంగతి కూడా అంతే. సుజుకీ, హ్యుందాయ్ చిన్న కార్ల హబ్బు 54.1 మి.మీ. నాలుగు నట్ల మధ్య వ్యాసం 100 మి.మీ. బజారు రిమ్ము అనేక కార్లకు సరిపోవాలని మధ్య రంధ్రం పెద్దగా పెట్టి తయారుచేస్తారు. మధ్యలో మిగిలిన ఖాళీని రింగు పెట్టి మూయాలి. పెట్టకపోతే చక్రం హబ్బు మీద కూర్చోదు, నట్ల మీద వేలాడుతుంది. తొంభై దాటగానే స్టీరింగు వణుకుతుంటే మూడు చోట్ల బ్యాలెన్సింగు చేయించి, షాకబ్జర్లు మార్పించి, చివరికి ఎవరో ఆ చిన్న రింగు అడిగితే తగ్గిపోయిన కార్లు ఉన్నాయి. స్టెప్నీకి వస్తే, డిక్కీలో పాత ఇనుప డిస్కే పడి ఉంటుంది, దాని నట్లు వేరు. అల్లాయ్‌తో ఇచ్చిన నట్లు దానికి సరిగ్గా కూర్చుంటాయో లేదో ఇంటి దగ్గర ఎవరూ చూడరు. అర్ధరాత్రి సంజామల దగ్గర పంక్చరైనప్పుడు చూస్తారు.

బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరైంది. అది నాలుగు చక్రాల వేగాలను పోల్చి పనిచేస్తుంది. డబ్బు సరిపోక ముందు రెంటికే కొత్త కొలత వేయించి, వెనక రెండూ పాతవే ఉంచితే, ఎత్తుల్లో తేడా ఉన్నంత మేరా దానికి తప్పుడు లెక్క అందుతుంది.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరి 9న కేరళ ఆర్టీవోకూ కె. జయచంద్రకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో 182ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసుకున్న యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కేంద్రం కీలక భద్రతా విడిభాగంగా ప్రకటించిన సరుకు ప్రమాణాలకు లోబడకుండా అమ్మితే ఏడాది దాకా జైలు, లేదా ఒక్కో విడిభాగానికి లక్ష రూపాయలు, లేదా రెండూ. కారు రిమ్ములకు ఐఎస్ 9436 అనే భారత ప్రమాణం ఉంది. రిమ్ములకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేసే ఉత్తర్వును 2020లో కేంద్రం తెచ్చింది.

ఇవన్నీ ఉండగా ఇంకేం కావాలని మీ కార్యాలయం అడగవచ్చు. సందు ఎక్కడుందో చూడండి. ఐఎస్‌ఐ మార్కున్న మంచి రిమ్ము, మంచి కంపెనీ టైరు, రెండూ నిఖార్సైనవే. ఆ రెంటినీ సరిపోని కారుకు బిగించారు. సరుకులో తప్పు లేదు కాబట్టి అమ్మినవాడు బయటే ఉంటాడు. జతలో తప్పుంది కాబట్టి యజమాని దొరుకుతాడు. కొలతలు తెలిసి, యంత్రం పెట్టి, నాలుగు నట్లు బిగించి డబ్బు తీసుకున్నవాడికి బాధ్యత లేదు, ఏమీ తెలియక డబ్బిచ్చినవాడికి జైలు దాకా ఉంది. పైగా ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పత్రంలో టైరు కొలతే లేనప్పుడు, పత్రానికి తేడా వచ్చిందని తేల్చేది దేన్ని చూసి? డ్రైవరు తలుపు దగ్గర అతికించిన చీటీని చూసుకోవచ్చు, మాన్యువల్లో ఉంటుంది అంటారు. పాత ఏపీ 21 నంబరు కారు మూడు చేతులు మారి కోయిలకుంట్ల చేరేసరికి ఇంగ్లిషు మాన్యువల్ ఏ గడపలో ఉండిపోయిందో, చీటీ మీద ఎన్ని సార్లు పెయింటు పడిందో!

మొత్తంగా నిషేధిస్తే పోతుంది కదా అనే వాదనకూ ఈ లేఖ ఒప్పుకోదు. స్విఫ్ట్ కింది రకానికి అదే స్విఫ్ట్ పై రకం 15 అంగుళాల చక్రాలు, 185/65 టైర్లు తెచ్చి వేసుకున్నవాడు కొత్తగా చేసిన నేరమేమిటి? కంపెనీ పరీక్షించిన చక్రాన్నే కంపెనీ బండికి వేశాడు. అతన్నీ, 17 అంగుళాలు దూర్చి ఫెండరు అంచు కోయించినవాణ్నీ ఒకే గాటన కట్టేస్తే చలానా పుస్తకం నిండుతుందేమో గానీ రోడ్డు మీద తేడా రాదు. సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోలరు ఎక్కించే కార్యక్రమాలు మన నగరాల్లో ఫొటోలకు బాగుంటాయి. మరుసటి వారం అవే సైలెన్సర్లు అవే అంగళ్లలో వేలాడుతుంటాయి. చక్రాల విషయంలో ఆ దారి పట్టొద్దు.

జర్మనీలో ఈ పని వేరేగా చేస్తారు. అక్కడ బజారు రిమ్ము కొంటే దాంతోపాటు అనుమతి పత్రం వస్తుంది. ఏ ఏ మోడళ్లకు, ఏ టైరు కొలతతో, ఏ షరతుల మీద వేసుకోవచ్చో దాంట్లో ఉంటుంది. కొన్నిటికి ఆ పత్రం కారులో పెట్టుకు తిరిగితే చాలు, మిగతావాటిని పరీక్షా కేంద్రంలో చూపించి బండి కాగితాల్లో రాయించుకోవాలి. రెండూ లేకపోతే బండికి రోడ్డెక్కే అనుమతే రద్దవుతుంది. జపాన్‌లో అల్లాయ్ చక్రాల మీద జేడబ్ల్యూఎల్ అనే గుర్తు ఉంటుంది, తనిఖీలో దాన్ని చూస్తారు. ఆ అక్షరాలే మన అంగళ్లలో చవక రిమ్ముల మీద కూడా కనిపిస్తాయి. పోత అచ్చులో మూడు అక్షరాలు చెక్కడం పెద్ద పనేం కాదు, అందుకని అక్షరాలను చూసి కాక కాగితాన్ని చూసి నమ్మే పద్ధతి కావాలి.

మన చట్టంలో దానికి తలుపు ఇప్పటికే తీసి ఉంది. 2019 సవరణలో 52వ సెక్షన్‌కు చేర్చిన నిబంధన ప్రకారం, మార్పులకు కొలతలు, అనుమతి షరతులు కేంద్రం నిర్దేశించవచ్చు, అట్లా అనుమతించిన మార్పు చేసుకున్నంత మాత్రాన కంపెనీ వారంటీ రద్దయినట్టు కాదు. ఆ నిబంధన కింద చిన్న కార్ల చక్రాలకు కొలతల పట్టిక తెమ్మని మీ శాఖ కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖకు రాయాలన్నది మొదటి విన్నపం. ప్రతి మోడల్‌కూ తయారీదారు ఒప్పుకునే టైరు కొలతలు, రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్ హద్దు, కనీస లోడ్ ఇండెక్స్ కంపెనీల దగ్గర ఉన్నవే. లారీకి అడిగినట్టు కారుకూ రిజిస్ట్రేషన్ దరఖాస్తులో ఒక గడి పెట్టి, ఆ కొలతలు ఆర్సీ మీద అచ్చయితే సగం పంచాయితీ తెగుతుంది.

కేంద్రం కదిలేదాకా ఆగాల్సిన పనిలేని సంగతి బిల్లు. రిమ్ములు, టైర్లు బిగించే ప్రతి అంగడీ బిల్లు మీద కారు నంబరు, కంపెనీ కొలత, కొత్త కొలత, లోడ్ ఇండెక్స్, ఆఫ్‌సెట్, ఐఎస్‌ఐ మార్కు రాసి సంతకం చేసివ్వాలని నంద్యాల, కర్నూలు, కడప జిల్లా రవాణా అధికారులు అంగళ్ల యజమానులను కూర్చోబెట్టి చెప్పొచ్చు. తెలుగులో ఒక్క పేజీ నమూనా ముద్రించి ఇస్తే చాలు. 515 పక్కన 500 అని తన చేత్తో రాసి సంతకం పెట్టాల్సి వస్తే అంగడివాడు ఎక్స్‌ఎల్ టైరు తెప్పిస్తాడు, లేదా 16 అంగుళాలతో సరిపెట్టుకోమంటాడు. వినియోగదారుల కమిషన్ ముందుకు పోవాల్సి వచ్చినా కొన్నవాడి చేతిలో ఆ కాగితం ఉంటుంది. బీమా కంపెనీకి చూపించడానికీ అదే పనికొస్తుంది. కంపెనీ బిగించని వస్తువులు పాలసీలో చూపించకపోతే క్లెయిము దగ్గర చక్రాల సొమ్ము రాదు, కొన్నిసార్లు ప్రమాదానికి చక్రాలే కారణమన్న వాదన కూడా వినాల్సి వస్తుంది.

ఇప్పటికే మార్చుకుని తిరుగుతున్న కార్ల విషయంలో ఒకే ఒక్క విన్నపం. చలానాకు ముందు ఒక అవకాశం ఇవ్వండి. కోయిలకుంట్ల, బనగానపల్లె, ఆళ్లగడ్డల్లో నెలకో రోజు మోటారు వాహనాల తనిఖీ అధికారి వచ్చి ఉచితంగా చూస్తారని ప్రకటించండి. టైరు మీది అంకెలు చదవడానికి కళ్లు, ఎత్తు కొలవడానికి టేపు, గాలి చూడటానికి గేజీ, స్టీరింగు రెండు పక్కలా చివరిదాకా తిప్పించి ఎక్కడైనా రాసుకుంటోందేమో వినడానికి రెండు నిమిషాలు చాలు. అరుగుదల 1.6 మి.మీ. కన్నా తగ్గిన టైర్లు కూడా అదే చూపులో దొరుకుతాయి. సరిపోయిన కారుకు ముద్ర వేసివ్వండి. సరిపోనిదానికి ఏ కొలతకు దిగాలో రాసిచ్చి మూడు నెలలు గడువివ్వండి. పాత డిస్కులు చాలామంది ఇళ్లల్లో, గడ్డివాముల పక్కన, ఇంకా పడే ఉన్నాయి. తీసి బిగించుకుంటారు. గడువు దాటినవాడికి 5,000 రాసినా అప్పుడు అడిగేవాడుండడు.

తొలి తనిఖీ రోజును కోయిలకుంట్లలోనే పెట్టాలని, తేదీని నంద్యాల జిల్లా రవాణా కార్యాలయం ద్వారా పత్రికల్లో ప్రకటించాలని కోరుతూ,

కోయిలకుంట్ల చిన్న కార్ల యజమానుల తరఫున.